కొంగున ముడేసిన రొట్టె

నేనెరిగిన చివరి ఏళ్ళలో శంకరమ్మ ప్రార్థన కూటంలో పెదవులు కదిపేదే గానీ గొంతెత్తేది కాదు. ఒకప్పుడు శామీర్‌పేట చెరువు కింద మా రేకుల షెడ్డు మందిరంలో, చేపలమ్ముకునే ఆ మనిషి ప్రార్థనకు నిలబడితే అందరికీ కళ్ళు చెమ్మగిల్లేవి.

తొంభై ఏడు వానాకాలం. తన కొడుకు తాగొచ్చి కొడుతున్నాడని పక్కింటి దుర్గాబాయి శంకరమ్మ ఒక్కదానికే చెప్పుకుంది. శుక్రవారం స్త్రీల కూటంలో శంకరమ్మ కళ్ళు మూసుకొని, "ప్రభువా, మా దుర్గక్క మీద చెయ్యెత్తే ఆ కొడుకును మార్చు తండ్రీ" అని గట్టిగా ప్రార్థించింది. అందరూ ఆమెన్ అన్నారు. పొద్దుగూకేసరికి వాడలో అందరికీ తెలిసింది. కొడుక్కీ తెలిసింది. దుర్గాబాయి మళ్ళీ మందిరానికి రాలేదు.

"నేనేమన్న చెడు కోరిన్నా? ప్రార్థనే గద జేసిన" అని శంకరమ్మ అందరితో అనేది. తనతో తను మాత్రం అనుకోలేకపోయేది.

నెల మొదటి ఆదివారం, మందిరంలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల వచ్చింది. తోటి మనిషితో సమాధానపడకుండా రొట్టె తింటే శిక్ష తప్పదని ఆమె భయం. తీసుకోకపోతే చాప మీద ఉన్నవాళ్ళంతా చూస్తారు. రొట్టె పళ్ళెం దగ్గరికొచ్చింది. ముక్క తీసుకుంది. నోటిదాకా తెచ్చి, ఎవరూ చూడకుండా కొంగున ముడేసుకుంది.

ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుంటే మనవరాలు అమ్మడు ఆ ముడి విప్పి తినేసింది.

"గిదేందవ్వా, సప్పగున్నది!"

సాయంత్రానికి పిల్ల ఒళ్ళు కాలిపోయింది. తన మీద పడాల్సిన శిక్ష పిల్ల మీద పడిందని శంకరమ్మ నమ్మింది. డాక్టరు, వానాకాలం జ్వరమేనని మాత్రలిచ్చినా ఆ నమ్మకం పోలేదు. పాస్టరు ప్రతాప్ దగ్గరికి పరిగెత్తి అంతా చెప్పేసింది.

"పసిపిల్లల మీద పగ దీర్చుకుంటడా దేవుడు? జ్వరం జ్వరమే. మందెయ్యి."

"అయితే మీరొచ్చి దుర్గక్కకు జెర నచ్చజెప్పుండ్రి అయ్యగారూ."

"మాట జారింది నువ్వు. నేనొచ్చి ఏం జెప్పాలె?"

జ్వరం తగ్గినాక దుర్గాబాయి ఇంటికి వెళ్దామనుకుంది. తగ్గితే ఇక వెళ్ళనని ఆమెకే తెలుసు. పిల్లను కోడలి ఒళ్ళో పెట్టి వానలోనే వెళ్ళింది. గడప మీద దుర్గాబాయి కొడుకు కూర్చునున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏం చిన్నమ్మా, మళ్ళ ప్రార్థన జెయ్యనీకొచ్చినవా?"

వాడి వెనక, లోపలి గోడకానుకొని దుర్గాబాయి కనబడింది. కింది పెదవి వాచి ఉంది.

"అక్కా, నన్ను నమ్మి జెప్పుకుంటివి. నేను నలుగుర్ల పెట్టిన. అది ప్రార్థన గాదు, తప్పు జేసిన."

గోడవతల పిల్ల మూలుగు దుర్గాబాయికి వినబడుతూనే ఉంది.

"పిల్లకెట్లున్నది?" అంది.

"కాలుతాంది అక్కా."

దుర్గాబాయి కొడుకు పక్కనుంచే గడప దాటింది. వాడు కాళ్ళు ముడుచుకొని దారిచ్చాడు.

"పద," అంది చెప్పులేసుకుంటూ. "ప్రార్థన మాత్రం మనసులనే జెయ్యి."

జ్వరం వెంటనే దిగలేదు. ఆ వారమంతా పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మార్చింది దుర్గాబాయే.