కూలర్‌కి పోసిన నీళ్ళు

మా దొడ్డమ్మ మీద కక్ష తీర్చుకోవాలని నేను ఏడాదిన్నర ఎదురుచూశాను. పెద్దావిడ మీద కక్షేమిటని ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. ఆవిడ మా అమ్మకి అక్క. మా వాళ్ళలో ఎవరింట్లో పురుడొచ్చినా నిడదవోలు నుంచి ఆవిడే రావాలి. వసకొమ్ము, సానరాయి, ఆముదం సీసా, నలుగుపిండి డబ్బా ఒక సంచీలో సర్దుకుని దిగుతుంది. దిగిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఏం వండాలో, ఏ కిటికీ మూయాలో, ఎవరు ఎప్పుడు పడుకోవాలో ఆవిడే చెబుతుంది. అమ్మకి మనవరాలు పుట్టినా సరే, అక్క ముందు నోరు లేవదు.

నాకు పాప పుట్టింది రాజమండ్రి ఆసుపత్రిలో, రోహిణి కార్తెలో. ఇంటికి పంపించే రోజున డాక్టరుగారు, "నీళ్ళు బాగా తాగమ్మా. పాపకి నీ పాలు తప్ప ఇంకేమీ పెట్టకు" అన్నారు. నా పక్కన నిలబడి దొడ్డమ్మ "అలాగేనండి, అలాగేనండి" అని బుద్ధిగా తలూపింది. ఆ తలూపుడు చూసి నేను కూడా నమ్మాను.

కొవ్వూరులో ఉన్న మా పుట్టింటికి కారులో బయలుదేరాం. వంతెన ఎక్కగానే నేను నీళ్ళ సీసా మూత తీశాను. ఆవిడ నా చేతిలోంచి సీసా లాక్కుని, మూత బిగించి, తన కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

"పచ్చి బాలింతరాలివి, నీళ్ళు తాగుతావేంటే? ఒళ్ళు నీరు పట్టేస్తుంది. పిల్లకి రొంప చేస్తుంది."

"డాక్టరుగారు చెప్పారు కదా దొడ్డమ్మా."

"ఆవిడ కాన్పు చేసి పంపిస్తుంది. తర్వాత ఎవరే చూసుకునేది? నేను కాదూ?"

ముందు సీట్లో కూర్చున్న మా అమ్మ వెనక్కి తిరిగి నా వైపు చూసింది. మళ్ళీ ముందుకి తిరిగిపోయింది. ఎండాకాలమైనా కింద గోదావరిలో నీళ్ళున్నాయి. ఆ వంతెన అంత పొడుగని ఆ రోజే తెలిసింది నాకు.

ఇంట్లో నాకు కేటాయించిన నీళ్ళు పూటకి అరగ్లాసు. అదీ వాము వేసి మరగబెట్టినవి, అన్నం తిన్నాక మాత్రమే. ఆ అన్నంలోకి వెల్లుల్లి కారం, ధనియాల కారం, నెయ్యి. చెవుల్లో దూది, తలకి గుడ్డ, మూసిన కిటికీలు, సాంబ్రాణి పొగ. నాలుక అట్టముక్కలా అయిపోయేది. గదిలో కూలర్ ఉండేది. అది నా కోసం కాదు, మధ్యాహ్నం కునుకు తీసే దొడ్డమ్మ కోసం. దాని గాలి నాకు తగలకుండా మంచానికి అడ్డంగా దుప్పటి కట్టారు. మా అమ్మ రోజుకి రెండు సార్లు బకెట్టుతో నీళ్ళు తెచ్చి కూలర్‌లో పోసేది. ఆ నీళ్ళు గలగలా పడుతుంటే దుప్పటి ఇవతల పడుకుని వినేదాన్ని. ఆ ఇంట్లో నాకన్నా కూలర్‌కే ఎక్కువ నీళ్ళు దక్కేవి.

చదువుకున్నదానివి కదా, ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు. నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. పాలు ఎలా తయారవుతాయో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినదాన్ని. కానీ కుట్లు సలుపుతుంటే, ఒళ్ళో పిల్ల ఏడుస్తుంటే, చుట్టూ ఉన్న నలుగురూ ఒకే మాట అంటుంటే ఆ బొమ్మ ఎందుకూ పనికిరాలేదు. మా ఆయనకి ఫోన్ చేస్తే, "పెద్దవాళ్ళు చెబుతున్నారు కదా, కొన్నాళ్ళు ఓపిక పట్టు" అన్నారు. ఆయన మాటల మధ్యలో గుటక వేసిన చప్పుడు వినిపించింది. ఏం తాగుతున్నారని అడిగితే, మజ్జిగ అన్నారు. ఫోన్ పెట్టేశాను.

పదో రోజో, పన్నెండో రోజో, బాత్రూంలో కుళాయి కింద దోసిలి పట్టి తాగాను. ట్యాంకు నీళ్ళు, ఎండకి సలసలా కాగుతున్నాయి. అయినా ఆపకుండా తాగాను. దొంగతనం చేస్తున్నట్టు ఒక చెవి తలుపు దగ్గరే పెట్టుకుని తాగాను. బయటికి రాగానే దొడ్డమ్మ నా గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పింది.

"తడిసిందేంటే?"

"మొహం కడుక్కున్నాను."

"మొహం కడుక్కుంటే గడ్డమొకటే తడుస్తుందా?"

ఆ రోజు నుంచి నేను బాత్రూంలోకి వెళ్తే మా అమ్మ తలుపు బయట నిలబడాలని ఆవిడ హుకుం. అమ్మ నిలబడింది కూడా. కుళాయి తిప్పిన చప్పుడు వినిపిస్తే, "వద్దమ్మా, అక్క వింటుంది" అని గొంతు తగ్గించి బతిమాలేది. అమ్మ మీద కూడా నాకు కోపమే. కానీ ఆవిడ మీద కక్ష పెట్టుకోవడానికి నాకు మనసు రాలేదు, అంతా తీసుకెళ్ళి దొడ్డమ్మ ఖాతాలోనే వేశాను.

పాలు తగ్గాయి. మొదటి వారం జాకెట్టు తడిసేది, మూడో వారానికి అది కూడా లేదు. పాప రెండు నిమిషాలు చప్పరించి, వదిలేసి, మొహం ఎర్రగా చేసుకుని గుక్కపట్టి ఏడ్చేది. ఇరవై ఒకటో రోజు బారసాలకి వచ్చిన మా అత్తగారి ముందు, వీధిలో ఆడవాళ్ళందరి ముందు, పిల్ల ఏడుస్తుంటే దొడ్డమ్మ తీర్పు చెప్పేసింది.

"దీనికి పాలు పడలేదండి. ఏం చేస్తాం, ఒక్కొక్కళ్ళ ఒళ్ళు అంతే."

నీళ్ళు ఇవ్వనిది ఆవిడ. ఒళ్ళు నాది కాబట్టి తప్పు నాది. మా అత్తగారు "మా వైపు అందరికీ పుష్కలంగా పడేవండి" అని మర్యాదగానే అన్నారు. నేను తల దించుకున్నాను. ఆ తల ఎందుకు దించానా అని ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను.

సాయంత్రానికి డబ్బా పాలు, సీసా వచ్చాయి. సీసా పట్టేది దొడ్డమ్మే. పాపని ఎడమ మోచేతి వంపులో పడుకోబెట్టుకుని, మోకాలు ఊపుతూ, "నా బంగారు తల్లికి ఆకలేసిందా" అంటూ పట్టేది. పాప ఆవిడ మొహంలోకే చూస్తూ గుటకలు వేసేది. చివర్లో తల వెనక్కి వాల్చి అలాగే నిద్రపోయేది. నేను ఎదురుగా మంచం మీద కూర్చుని చూసేదాన్ని. నా బిడ్డ కడుపు నిండినందుకు సంతోషించాలి కదా, సంతోషించలేదు. ఆ సీసా తీసి గోడకి కొట్టాలనిపించేది.

అలాంటప్పుడు చేతనైన చిన్న చిన్న పనులు చేశాను. ఆవిడ కళ్ళజోడు బియ్యం డబ్బాలో దాచాను. ఆవిడ సీరియల్ వచ్చే వేళకి రిమోట్‌లో బ్యాటరీలు తీసేశాను. ఒక మధ్యాహ్నం అమ్మ కూలర్‌లో నీళ్ళు పోయడం మర్చిపోతే, నేను గమనించి కూడా చెప్పలేదు. దొడ్డమ్మ చెమటతో తడిసి లేచి, "ఇదేం ఎండరా నాయనా" అని వగరుస్తుంటే హాయిగా అనిపించింది. చేతనైతే ఎండని ఇంకొంచెం పెంచేదాన్ని.

నెలన్నరకి టీకా వేయించడానికి తీసుకెళ్ళాం. నర్సమ్మ పాపని తూకం వేసి, పెదవి విరిచి, "పెరగాల్సినంత పెరగలేదమ్మా. నీళ్ళు సరిగ్గా తాగుతున్నావా?" అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపు దొడ్డమ్మ అందుకుంది.

"అయ్యో, తాగకేమండి? చెంబులు చెంబులు తాగుతుంది. అయినా పాలు లేవు పాపం."

అంత పచ్చి అబద్ధం అంత తొణక్కుండా చెప్పగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నర్సమ్మ నా వైపు జాలిగా చూసింది. చెప్పేయాల్సింది. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ పాపకి సూది పడింది, పాప కెవ్వుమంది, దాన్ని ఎత్తుకునే హడావుడిలో మాట లోపలే ఉండిపోయింది. బయటికి వచ్చాక, ఆసుపత్రి గుమ్మం దగ్గర కుళాయి చూసి, పాపని అమ్మ చేతిలో పెట్టి, దొడ్డమ్మ చూస్తుండగానే వంగి కడుపు నిండా తాగాను. ఆవిడ "ఒసేయ్, ఒసేయ్" అంటూనే ఉంది. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా ఎవరినీ అడగకుండా తాగాను.

అప్పటికే ఆలస్యమైంది. పాపకి పాలపీక అలవాటైపోయింది. రొమ్ము నోట్లో పెడితే నాలుకతో తోసేసేది, వీపు విల్లులా వంచి ఏడ్చేది. పది రోజులు ప్రయత్నించాను. పాలు పిండి చెంచాతో పోశాను, సీసా దాచేశాను, ఏడిస్తే నేనూ ఏడ్చాను. పదకొండో రోజు పాపకి జ్వరం తగిలింది. అమ్మ సీసా కడిగి తెచ్చింది. నేను ఊరుకున్నాను. తల్లిపాల సంగతి అంతటితో అయిపోయింది. నా కూతురికి నేను ఇవ్వగలిగి కూడా ఇవ్వలేకపోయింది అదొక్కటే.

నాలుగో నెల వెళ్ళేదాకా దొడ్డమ్మ మా ఇంట్లోనే ఉంది. నిజం చెప్పాలంటే పాపకి ఆవిడలా లాలపోయడం ఎవరికీ రాదు. కాళ్ళు చాపుకుని, వాటి మీద పిల్లని బోర్లా వేసి, ఆముదం రాసి, నలుగు పెట్టి నీళ్ళు పోస్తే పాప కిక్కురుమనేది కాదు. ఈ మాట రాయడం కూడా నాకు ఇష్టం లేదు. నేను రాజమండ్రిలో మా ఇంటికి వచ్చేశాక కూడా ఆవిడ నెలకోసారి రైలెక్కి పాపని చూడటానికి వచ్చేది. ఆవిడ ఉన్నంతసేపూ నేను వంటింట్లోనే ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. హాల్లోంచి ఇద్దరి నవ్వులూ వినిపించేవి. ఆవిడ నోటితో "తప్పు నాదే" అనాలి, అది కూడా నలుగురి ముందు. నా పరువు నలుగురి ముందు తీసింది కాబట్టి, చాటుగా అంటే నాకు చెల్లదు. గిన్నెలు తోముకుంటూ ఆ రోజు ఎలా ఉంటుందో ఊహించుకునేదాన్ని.

తర్వాతి ఏడాది చలికాలంలో మా పిన్ని కూతురికి బాబు పుట్టాడు. వాళ్ళది ధవళేశ్వరం. పురుడు పోయడానికి వచ్చింది దొడ్డమ్మేనని తెలియగానే పాపని తీసుకుని ఆటో ఎక్కాను. బ్యాగులో రెండు లీటర్ల నీళ్ళ సీసా పెట్టుకున్నాను. అక్కడ అందరి ముందు దాని మూత తీసి చెల్లెలి చేతికిచ్చి, అప్పుడు మాట్లాడాలని నా ఆలోచన. దారంతా మాటలు కూర్చుకున్నాను.

గదిలోకి వెళ్ళేసరికి చెల్లెలి మంచం పక్కన మూత పెట్టిన బిందె ఉంది. దొడ్డమ్మ చెంబు పట్టుకుని మంచం మీదకి వంగి నిలబడి ఉంది.

"ఇంకో గుక్క తాగవే. మొత్తం తాగితేగానీ కదలను."

చెల్లెలు తాగుతోంది. బాబు దాని రొమ్ముకి అతుక్కుని చప్పుడు చేస్తూ తాగుతున్నాడు. దాని జాకెట్టు రెండో వైపు తడిసిపోయి ఉంది. నేను బ్యాగు భుజం మీంచి దించకుండా గుమ్మంలోనే నిలబడిపోయాను. నా ఒళ్ళంతా మండింది. అది తాగుతున్నందుకు కాదు. ఆ చేత్తోనే దొడ్డమ్మ నా చేతిలోంచి సీసా లాక్కుందని గుర్తొచ్చి.

బాబుని చూడటానికి వచ్చిన ముగ్గురు ఆడవాళ్ళు చాప మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ అడగనే అడిగింది.

"బాలింతకి అన్ని నీళ్ళేంటండి? నీరు పట్టదూ?"

"ఎవరు చెప్పారండి మీకు?" అంది దొడ్డమ్మ. "నీళ్ళు తాగితేనే పాలు. నేను ఎప్పుడూ చెప్పేది అదేనండి."

"ఎప్పుడూ కాదండి," అన్నాను గుమ్మంలోంచి. దారిలో కూర్చుకున్న మాటలన్నీ పోయి ఇవే వచ్చాయి. "నా పురుట్లో చెప్పలేదు. పూటకి అరగ్లాసు ఇచ్చింది. నేను కుళాయి నీళ్ళు దొంగతనంగా తాగితే గడ్డం పట్టుకుని చూసింది. నర్సమ్మకి చెంబులు చెంబులు తాగుతుందని అబద్ధం చెప్పింది. నా పాలు ఎండబెట్టి నేర్చుకుందండి ఈ సంగతి మా దొడ్డమ్మ."

చెల్లెలు తాగడం ఆపేసింది. దొడ్డమ్మ చెంబు బిందె మీద పెట్టి, మంచం పక్కన నేల మీద మెల్లగా కూర్చుంది. దబాయిస్తుందనుకున్నాను. నేను దానికీ సిద్ధపడే వచ్చాను.

"అవునండి," అంది ఆ ఆడవాళ్ళతో. "దీని పురుట్లో తప్పు చేశాను. పాలు లేకపోవడం దీని తప్పు కాదు, నాదే. దీన్ని చూశాకే నాకు తెలిసింది."

నేను కోరుకున్న మాట అదే, నలుగురి ముందే అంది. కడుపు చల్లబడింది. జాలి పడ్డానని రాస్తే అబద్ధం. ఆవిడ తల వంగి ఉంది, ఆ వంగిన తలని నేను కళ్ళార్పకుండా చూశాను. ఇంకాసేపు అలాగే ఉండాలనిపించింది.

అప్పుడు మా పాప నా చీర కుచ్చిళ్ళు వదిలి, తప్పటడుగులు వేసుకుంటూ ఆ గది దాటి వెళ్ళింది. దొడ్డమ్మ ఒళ్ళోకి ఎక్కి, ఎడమ మోచేతి వంపులో తల పెట్టి వెనక్కి వాలి, ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ చెయ్యి వెయ్యలేదు. రెండు చేతులూ అలాగే గాలిలో ఉంచి నా వైపు చూసింది. నేను చేతులు చాపి "రామ్మా, వెళ్ళిపోదాం" అన్నాను. రాలేదు. మళ్ళీ పిలిచాను.