కృపావతి తడిమిన బొంత

ఆ పేటలో పుట్టిన ప్రతి బిడ్డా ముందు తల్లి పక్కలో పడుకుంటుంది, ఆ తర్వాత కృపావతి కుట్టిన బొంత మీద పడుకుంటుంది. పి.గన్నవరం నుంచి ఏటిగట్టు దిగి, కొబ్బరితోటల్లోంచి లోపలికెళ్తే వచ్చే లంక పేట అది. ఒకప్పుడు అందరూ కూలిపనుల వాళ్ళే. ఇప్పుడు మేష్టర్లున్నారు, బ్యాంకుల్లో చేసేవాళ్ళున్నారు, కాకినాడలో ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్ళూ ఉన్నారు. అయితే మాత్రం ఏంటి! కాన్పయిందంటే ఆన్‌లైన్లో తెప్పించిన బేబీ బెడ్డు అటకెక్కాల్సిందే, కృపావతి బొంత మంచమెక్కాల్సిందే.

కృపావతికి పిల్లల్లేరు. పిల్లల్లేని ఆడమనిషి పురిటింటి గడప తొక్కితే మన జనం మొహాలెలా పెడతారో నేను చెప్పాలా? పొద్దున్నా సాయంత్రం బైబిలు చదివే ఇళ్ళయినా ఆ విషయంలో తేడా ఏమీ లేదు. పెళ్ళయిన కొన్నేళ్ళకి ఎవరింటికో బిడ్డని చూడ్డానికెళ్తే, తలుపు దగ్గరే కుర్చీ వేసి కూర్చోబెట్టేరు. బిడ్డ నిద్రపోతోందన్నారు. లోపల బిడ్డ కేరుకేరుమంటూనే ఉంది. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, లేచి వచ్చేసింది పాపం.

ఇంటికొచ్చి ఏడుస్తూ కూర్చునే రకం కాదావిడ. వాడి వాడి మెత్తబడిన నేతచీరలు పొరలు పొరలుగా పరిచి, పొడుగు సూదితో దగ్గర దగ్గరగా కుట్లేసి, చిన్న బొంతొకటి కుట్టి ఆ ఇంటికే పంపించింది. సూదిపని ఆవిడకి కొత్తా? చిన్నప్పుడు లంక పొగాకు ఆకులు గుచ్చింది. పెద్దయ్యాక రైసుమిల్లులో దబ్బనంతో గోనెసంచుల మూతులు కుట్టింది. ఆడపిల్లల చెవులు కుట్టింది, పిల్లల అరికాళ్ళలో దిగిన తుమ్మముళ్ళు సూదిమొనతో పైకి లేపి తీసింది. ఆ బొంత మీద బిడ్డ హాయిగా నిద్రపోయింది. తలుపు దగ్గర కూర్చోబెట్టినవాళ్ళే ఈసారి "రావమ్మా, లోపలికి రా" అన్నారు. అప్పట్నుంచీ కృపావతి లేకుండా ఆ పేటలో పురుడు గడవలేదు.

బొంత పూర్తయ్యాక ఆవిడ చేసే పని ఒకటుంది. బిడ్డ తల్లి చూస్తుండగా బొంతని చాప మీద పరిచి అరచేత్తో తడిమేది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, మళ్ళీ తిరగేసి అలాగే. దారం ముడి గరుగ్గా తగిలినా విప్పి మళ్ళీ వేసేది. కుడుతుంటే సూది విరిగితే రెండు ముక్కలూ దొరకాలి. దొరక్కపోతే బొంతంతా విప్పెయ్యడమే. అది ఆవిడ తనకి తాను పెట్టుకున్న కట్టుబాటు. చూసిచూసి పేటకి అదో ఆచారమైపోయింది. పాస్టరుగారు ప్రార్థన చేసినా సరే, "కృపావతి తడిమిందా?" అని అడిగి గానీ బిడ్డని బొంత మీద వెయ్యరు.

మొగుడు యేసురత్నం పోయిన ఏడే ఆవిడకి సుగరు బయటపడింది. రోజూ సూదిమందు వేసుకోవాలని ఆసుపత్రిలో నర్సు చెప్పింది, ఎలా వేసుకోవాలో చూపించింది కూడా. "ఆయ్, అలాగేనండి" అని తలూపి వచ్చేసింది. బతుకంతా సూది పట్టిన మనిషి, తన పొట్టలో తను సూది గుచ్చుకోవడానికి భయపడిందంటే నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి. మాత్రలు గుర్తుంటే వేసుకునేది, లేకపోతే లేదు.

వేళ్ళకి తిమ్మిర్లు పట్టుకున్నాయి. రాత్రంతా చీమలు పాకినట్టుండేది. కొన్నాళ్ళకి ఆ తిమ్మిర్లూ పోయేయి. హమ్మయ్య, తగ్గిందనుకుంది. తగ్గడం కాదు, స్పర్శే పోయింది. ఓ మధ్యాహ్నం కుడుతుంటే తెల్లచీర మీద ఎర్రగా చుక్కలు కనపడ్డాయి. ఎక్కడి మరకలో అని ఉతకబోయింది. చూస్తే తన వేలి రక్తం. సూది ఎప్పుడు దిగిందో ఆవిడకి తెలీనే తెలీదు.

అప్పుడైనా ఎవరికన్నా చెప్పాలి కదా! చెప్పలేదు. చెప్తే బొంతలు ఎవరు కుట్టించుకుంటారు? బొంతలే లేకపోతే పురిటింట్లో తనకేం పని? మళ్ళీ ఆ తలుపు దగ్గర కుర్చీయే. అందుకని నోరు మూసుకుంది. కళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టడం మొదలెట్టింది, తడమడం మాత్రం ఎప్పట్లాగే తడిమేది. అరచెయ్యి కదిలేది, అంతే. దానికి ఏమీ తెలిసేది కాదు.

పక్కింటి సూరమ్మ కృపావతిని అక్కా అని పిలుస్తుంది. సూరమ్మ కొడుకు జాన్ రావులపాలెం నుంచి అరటిగెలల లారీ తోల్తాడు. కోడలు దివ్యది ఆలమూరు. ఇంట్లోనే చట్రం పెట్టుకుని పెళ్ళి జాకెట్లకి మగ్గం వర్కు చేస్తుంది. పెళ్ళయిన చాన్నాళ్ళకి గానీ ఆ పిల్ల కడుపు పండలేదు. కొడుకు పుట్టేడని తెలిసిన రోజు సూరమ్మ వీధిలో అందరి చేతుల్లోనూ కలకండ పెట్టింది, "బొంత మా అక్కే కుట్టాలి" అని అందరూ వినేలా అంది.

మర్నాడు పేరు పెట్టే ప్రార్థన అనగా, కృపావతి బొంత అంచు కుడుతోంది. మూల దగ్గర పొరలన్నీ కలిసి మందంగా ఉంది. సూదిని గట్టిగా నొక్కింది. టప్పుమంది. వెనక ముక్క చేతిలో ఉంది, మొన లేదు. చాప దులిపింది, అరుగంతా ఊడ్చింది, చీర కుచ్చిళ్ళు విదిలించింది. ఎక్కడా లేదు. ఇక మిగిలింది విప్పడమే. విప్పితే రేపటికి బొంత ఉండదు. ఎందుకు లేదో సూరమ్మకి చెప్పాలి. వాకిట్లో ఇసకలో ఎగిరి పడుంటుందిలే అని తనకి తనే చెప్పుకుంది.

అంతలో దివ్య బిడ్డని భుజాన వేసుకుని వచ్చింది.

"అయిపోయిందా, పెద్దత్తయ్యా?"

కృపావతి నోటిదాకా వచ్చింది మాట. నిజంగా వచ్చింది. ఆ పిల్ల మొహంలో సంతోషం చూసి మింగేసింది.

"అయిపోయింది తల్లీ. కూర్చో, తడుముతాను."

దివ్య ఎదురుగా కూర్చుంది. కృపావతి బొంత పరిచి, అడ్డంగా తడిమింది, నిలువుగా తడిమింది, తిరగేసి తడిమింది. మూల దగ్గర ఇంకోసారి కూడా తడిమింది. ఏమీ తగల్లేదు. ఏం తగులుతుంది, ఆ చేతికి!

ప్రార్థన బాగా జరిగింది. బిడ్డకి శ్యామ్ సుందర్ అని పేరు పెట్టేరు. కొన్నాళ్ళు ఏ గొడవా లేదు. ఆ తర్వాత బిడ్డ ఏడుపు మొదలెట్టేడు. పాలిచ్చినా ఏడుపే, ఎత్తుకున్నా ఏడుపే. కడుపునొప్పి అన్నారు, వాము కాచి పట్టించేరు. పాస్టరుగారు నూనె రాసి ప్రార్థించేరు. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు వచ్చి, జ్వరం అని చెప్పి ఇంజెక్షను చేసేడు. లోపల సూదిమొన దిగి ఏడుస్తున్న పసివాడికి పైనుంచి ఇంకో సూది పొడిచేడన్నమాట! కుడి తొడ వాచి ఎర్రబడ్డాక అమలాపురం తీసుకెళ్ళేరు. అక్కడ ఎక్సురే తీసేరు.

"తొడలో సూది ముక్క ఉందండీ. ఎముక దాకా వెళ్ళింది. ఇంట్లో ఎవరన్నా కుట్టుపని చేస్తారా?" అని అడిగేరు పిల్లల డాక్టరు.

సూరమ్మ, జాన్ ఇద్దరూ దివ్య వంక చూసేరు.

కాకినాడలో ఆపరేషను చేసి ముక్క తీసేరు. ప్రాణం దక్కింది. చీము ఎముకకి పట్టింది కాబట్టి నడక ఎలా ఉంటుందో పెద్దయితే గానీ చెప్పలేమన్నారు. జాన్ బట్టల కోసం ఓసారి ఊరికొచ్చి, ఫోనులో ఎక్సురే ఫొటో పేటంతా చూపించేడు. కృపావతీ చూసింది. మగ్గం సూదికి చివర కొక్కెం ఉంటుంది, సన్నగా ఉంటుంది. ఇది లావుగా, తిన్నగా ఉంది. తను కుట్టే సూదే. ఆ ఫోను జాన్ చేతికిచ్చేసి లోపలికెళ్ళి గోడకి జారగిలబడింది. అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. అయినా నోరు విప్పలేదు. బిడ్డ బతికితే చాలు ప్రభువా, అప్పుడు చెప్తాను అని మొక్కుకుంది. బిడ్డ బతికేడు. అప్పుడూ చెప్పలేదు. ఏం మనిషో!

బిడ్డ తొడకి కట్టుతో ఇంటికొచ్చిన రోజే సూరమ్మ దివ్య తండ్రి కొండయ్యకి కబురు పెట్టింది. ఆయన ఆలమూరు నుంచి హడావిడిగా వచ్చేడు. వాకిట్లో మగ్గం చట్రం రెండు ముక్కలై పడుంది, జాన్ విరగ్గొట్టేడు. పక్కన దివ్య బట్టల సంచి. వీధిలో ఆడవాళ్ళంతా చేరేరు.

"మీ అమ్మాయిని తీసుకెళ్ళండి బాబూ," అంది సూరమ్మ. "కన్నతల్లై ఉండి బిడ్డ పక్కలో సూదులు పారేసుకునే మనిషి నాకొద్దు. బిడ్డని నేను పెంచుకుంటాను. డబ్బా పాలు పడతాను."

"నా సూది కాదండీ, అత్తయ్యగారూ," అని దివ్య ఏడుస్తూనే ఉంది. "నేను పని అవగానే డబ్బాలో పెట్టేస్తానండీ. ఒట్టండీ." బిడ్డని గుండెలకి హత్తుకుని వదలడం లేదు. జాన్ వచ్చి బిడ్డ కోసం చేతులు చాపేడు.

అప్పుడు కదిలింది కృపావతి.

"ఆగరా జాన్. సూరమ్మా, ఆ సూది నాది. బొంత కుడుతుంటే విరిగింది. మొన దొరకలేదు. దొరక్కుండానే ఇచ్చేసేను."

సూరమ్మ పెద్దగా నిట్టూర్చింది.

"ఊరుకో అక్కా. దాన్ని కాపాడ్డానికి నీ నెత్తినేసుకుంటావా? నువ్వు తడిమిన బొంతలో సూదుంటుందా? నీ చెయ్యి మాకు తెలీదా!"

"ఎంత మంచి మనసమ్మా!" అంది వెనకాల ఎవరో ఆడమనిషి, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ మెచ్చుకోలు కృపావతి వినలేకపోయింది. జాకెట్టుకి గుచ్చుకున్న సూది లాగింది. ఎడమచెయ్యి అందరికీ కనపడేలా చాపి, చూపుడువేలి కొసలో సూది దించింది. ఆగలేదు. ఇంకా దించింది. మొన గోరు పక్కనుంచి బయటికొచ్చింది. రక్తం మణికట్టు దాకా కారింది. ఆడవాళ్ళు "అయ్యో, అయ్యో!" అని మొహాలు తిప్పుకున్నారు. ఆవిడ మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"చూసేరా? నాకేమీ తెలీడం లేదు. ఈ చేతులకి తెలీడం మానేసి చాలా కాలమైంది. మీ పిల్లలందరి బొంతలూ ఈ చేతుల్తోనే తడిమేను. చెప్తే నన్ను గడప దాటనివ్వరని చెప్పలేదు. దివ్య తప్పేం లేదు. ఆ పిల్లనేమీ అనకండి."

ముందు ఒక ఆడమనిషి "ఓరి నాయనో, మా పిల్ల దాని మీదే పడుకుంది!" అంటూ ఇంటికి పరుగెత్తింది. ఆవిడ వెనకే ఇంకొకావిడ. చూస్తుండగానే వాకిలి ఖాళీ అయిపోయింది. ఇళ్ళల్లోంచి నిద్రలో లేపిన పసిపిల్లల ఏడుపులు వినపడ్డాయి. అరుగుల మీద, ప్రహరీగోడల మీద బొంతలు పరుస్తున్నారు, మొగుళ్ళని కూడా పిలిచి ఒక్కో జానా నొక్కి చూస్తున్నారు. సూరమ్మ నేలమీద చతికిలబడి, నోటికొచ్చినట్టు తిట్టింది. "నీ చేతులు పడిపోనూ! గొడ్డుదానా! నా మనవడి కాలు తినేసేవు కదే!" అంది. ఇన్నేళ్ళలో గొడ్డుదానా అన్న మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. జాన్ పిడికిలి ఎత్తేడు, దించేసుకుని దొడ్లోకి వెళ్ళిపోయేడు. కొండయ్య కూతురి సంచి తీసుకెళ్ళి ఇంట్లో పెట్టి వచ్చేడు.

కృపావతి కదల్లేదు. కొట్టినా బావుండుననుకుంది. దివ్య బిడ్డనెత్తుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుతుందేమోనని కృపావతి మొహం ముందుకి పెట్టింది. ఆ పిల్ల కొట్టలేదు, తిట్టలేదు. బిడ్డ కట్టుకాలు సర్ది పట్టుకుని, ఆవిడ వేలికి ఇంకా గుచ్చుకునే ఉన్న సూది వంక చూసింది.

"నేను మీ ఎదురుగానే కూర్చున్నాను కదా, పెద్దత్తయ్యా," అంది. "ఒక్కమాట చెప్తే నేను తడిమేదాన్ని కదా."