తాత కొన్న తిరుగు టికెట్టు

యాదగిరి తాత విమానం టికెట్లు అమ్ముతాడు గానీ, వచ్చినవాళ్లను "ఎక్కడికి?" అని మాత్రం అడగడు. బయల్దేరే మనిషిని ఆ మాట అడిగితే పోయిన పని చెడుతుందని వాళ్లమ్మ చెప్పిందట. మేడ్చల్ రోడ్డు మీది ఆయన దుకాణంలో ఎవరైనా కుర్చీలో కూర్చోగానే, కళ్లద్దాల మీదుగా చూసి "ఎప్పుడొస్తరు?" అంటాడు. కొత్తవాళ్లు తికమకపడతారు. ఇంకా పోనే లేదు, రావడం గురించి అడుగుతాడేమిటి ఈ ముసలాయన అని. వాళ్లంతట వాళ్లు ఊరి పేరు చెప్పేదాకా తాత ఓపిగ్గా మౌసు తుడుస్తూ కూర్చుంటాడు.

పొలంలో కొంత రింగు రోడ్డుకు, కొంత ప్లాట్లకు పోగా, మిగిలిన ముక్కలో వెనక ఇల్లు, ముందు నాలుగు షట్టర్లు కట్టించాడు. మూడు అద్దెకిచ్చి నాలుగోదాంట్లో తాను కూర్చున్నాడు. ఇంట్లో ఉంటే భార్య నర్సమ్మ అవ్వ ఏదో ఒక పని చెబుతుందని భయం. పెద్ద పనిమంతుడిలా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇరవై అడుగులు నడిచి దుకాణానికి పోతాడు.

ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా శామీర్‌పేట వైపు మందుల కంపెనీల వాళ్లు. మీటింగులకు, తనిఖీలకు తిరిగేవాళ్లు. తాత మూడు విమానాల ధరలు పక్కపక్కన పెట్టి చూపిస్తాడు.

"గిది సస్తా వడ్తాంది గని, చేతిసంచి తప్ప ఏం రానియ్యడు. బ్యాగుకు అలగ్ పైసలు. గిది బ్యాగు తీసుకుంటడు, తారీఖు మారిస్తె మాత్రం టికెట్టంత గుంజుతడు. గీ మూడోది జర ఎక్కువున్నది, కంపెనీ రేటు. బువ్వ పెడ్తడు, తారీఖు ఉత్తగనే మారుస్తడు. ఇంతకు మీ పెద్దసారు మీటింగుకు టైముకొస్తడా?"

పెద్దసారు ఆలస్యంగా వచ్చే రకమైతే మూడోది. అంతే ఆయన సూత్రం. ఇన్ని తెలిసిన మనిషి విమానం ఎక్కింది ఒక్కసారే. బెంగళూరు దాకా కర్రలా నిటారుగా కూర్చుని పోయాడు, సీటు వెనక్కి వాలిస్తే దానికీ పైసలడుగుతారేమోనని. అవ్వ ఇప్పటికీ చుట్టాలకు ఆ కూర్చోవడం చేసి చూపిస్తుంది.

కంప్యూటర్ అద్దం వెనక ఎవరో ఉన్నారని తాత నమ్మకం. ఒక ఊరికి ధర చూసి, కాసేపాగి మళ్లీ చూస్తే అది పెరిగి ఉంటుంది. అందుకని ఊరి పేరు కొట్టేటప్పుడు నోటితో పలకడు. గిరాకీ గట్టిగా పలికితే వేలు పెదవుల మీద పెట్టి, "మెల్లగ. వింటాంటరు" అంటాడు. ఎవరు వింటుంటారని అడిగితే చెప్పడు. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఖాళీ అద్దంలోకి చూస్తూ ఉండిపోతాడు, అవతలివైపు నుంచి కూడా ఎవరో అట్లాగే చూస్తున్నట్టు.

ఇంకో పట్టింపు ఉంది. పోయే టికెట్టు ఒక్కటే ఎప్పుడూ అమ్మడు. ఇల్లు దాటేవాళ్లు "పోతున్న" అనకుండా "వస్త" అంటారు కదా, టికెట్టు కూడా అట్లాగే అనాలని ఆయన పట్టు. ఎవరైనా ఒకవైపుదే కావాలని మొండికేస్తే, సిస్టం నడుస్తలేదని అబద్ధమాడి పంపేస్తాడు.

ఆ పట్టు ఇషిత దగ్గర సడలింది. ఆ మందుల కంపెనీల్లో ఒకదాంట్లో ప్రయాణాల పని చూసే అమ్మాయి. ఒక మధ్యాహ్నం దుకాణానికే వచ్చి కూర్చుంది.

"అంకుల్, మీ మీద కోపం గాదు. జర ఈ లెక్క చూడండి. మనోళ్ల పని అనుకున్న రోజుకు ఎప్పుడన్న అయితదా? వచ్చే టికెట్టు ముందే కొంటున్నం, మళ్ల తారీఖు మారుస్తున్నం. ఆ ఫీజులన్ని కలిపితే ఇంకో టికెట్టొస్తది. ఇగ నుంచి పోయేది ఒక్కటే తీయండి. పని అయినంక వచ్చేది తీద్దాం."

తాత కళ్లద్దాలు మార్చుకుని చూశాడు. ఆమె లెక్కలో తప్పు లేదు.

"లెక్క మంచిగనే ఉన్నది బిడ్డా. గని వచ్చే టికెట్టు లేకుండ మనిషిని ఎట్ల తోలిస్తం?"

"పని అయినంక ఫోన్ల తీసుకుంటరంకుల్. అయిదు నిమిషాల పని."

"గా అయిదు నిమిషాలే గదా నా భయం," అన్నాడు తాత.

ఆ మాటకు నవ్వాలో వద్దో తెలియక ఆమె టీ తాగింది. అది కూడా సగం కప్పే, తాత దుకాణంలో అంతే పోస్తారు.

కొత్త పద్ధతిలో మొదటి ప్రయాణం అన్వేష్‌ది. తాత కూతురి కొడుకు. అమ్మానాన్నలు సిద్దిపేటలో ఉంటే, వాడు తాత ఇంట్లో ఉండి అదే కంపెనీలో యంత్రాలు బిగించే పని చేస్తాడు. గువాహటి దగ్గరి ఫ్యాక్టరీకి కొత్త యంత్రం పోయింది, వెనకే వాడు పోవాలి. మంగళవారం పొద్దున "వస్త తాతా" అని కారెక్కాడు. మనిషి పోగానే ఊడవగూడదని అవ్వ సాయంత్రందాకా చీపురు ముట్టలేదు. తాత మాత్రం దుకాణంలో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. వాడి పేరు మీద పోవడమే ఉంది, రావడం లేదు.

చివరికి కూర్చుని, తన సొంత పైసలతో, వాడి పేరు మీద ఒక తిరుగు టికెట్టు కొన్నాడు. శుక్రవారం పొద్దుటి విమానం. అన్నిటికన్నా సస్తాది, చేతిసంచికి మాత్రమే చోటున్నది, రద్దు చేస్తే ఏమీ తిరిగి రానిది. అన్వేష్ దాన్ని వాడాలని కాదు. వాడి పేరు మీద ఒక రాకడ ఎక్కడో రాసి ఉంటే చాలనుకున్నాడు. చెబితే నవ్వుతాడని వాడికి చెప్పలేదు. మెసేజీలు తన ఫోన్‌కే వచ్చేలా నంబరిచ్చాడు.

అన్నం తినేటప్పుడు అవ్వకు చెప్పాడు. ఆమె గరిటె ఆపింది.

"పోరనికి చెప్పినవా?"

"లేదు."

"పేరు రాసినవ్, రోజు రాసినవ్, రమ్మని పిలిచినవ్. వానికేమో తెల్వదు. మరి పిలిస్తె ఎవలొస్తరు?"

"నీయన్ని పిస ముచ్చట్లు. టికెట్టే అది," అన్నాడు తాత. కానీ కంచంలో సగం అన్నం వదిలేసి లేచాడు.

మర్నాడు పొద్దున అన్వేష్ రబ్బరు చెప్పులు తిరిగి ఉన్నాయి. వాడు వదిలి వెళ్లినప్పుడు గడప బయట వాటి మొనలు వీధివైపు ఉండేవి. ఇప్పుడు ఇంట్లోకి చూస్తున్నాయి. కుక్క లాగిందని తాత సరిచేశాడు. గురువారం పొద్దున మళ్లీ లోపలికే తిరిగి ఉన్నాయి, ఈసారి గడపకు ఇంకాస్త దగ్గరగా. కుక్క మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం ఫోన్ మోగింది. అన్వేష్ పేరు మీద చెక్-ఇన్ అయిందని మెసేజీ, మధ్య సీటు. తాత వెంటనే వాడికి ఫోన్ చేశాడు.

"పని శనివారందాకా సాగేటట్టున్నది తాతా. ఎందుకు, ఏమైంది?"

"ఏం లేదు. బువ్వ తిన్నవా?"

పైసలు కట్టి సీటు ఎంచుకోని వాళ్లకు విమానం వాళ్లే ఏదో ఒక సీటు పడేస్తారు. ఆ పని కంప్యూటర్ చేస్తుంది. తాత ఆ మాట తనకు తాను రెండుసార్లు చెప్పుకున్నాడు.

శుక్రవారం దుకాణం తెరిచి, దేవుడి పటం ముందు అగరుబత్తి తిప్పుతుండగా ఇంకో మెసేజీ వచ్చింది. కౌంటర్ దగ్గర ఒక బ్యాగుకు ఫీజు కట్టారు.

తాత చేతిలో అగరుబత్తి అట్లాగే ఉండిపోయింది. కంప్యూటర్ సీటు ఇస్తుంది గానీ, బ్యాగు మోసుకుని పోయి పైసలు కట్టదు.

"ఏడున్నవ్ రా?" అన్నాడు ఫోన్‌లో. అటువైపు యంత్రాల హోరు.

"ఫ్యాక్టరీల. ఇంకేడుంట?"

"నీ బ్యాగేడున్నది?"

"హోటల్ల. తాతా, పొద్దుగాలనే ఏం తాగినవ్?"

తాత విమానం వాళ్ల నంబరుకు చేశాడు. అమ్మాయి వివరాలన్నీ అడిగి, "ప్యాసింజర్ ఎక్కారు సర్. ఫోటో చూసే పంపించారు," అంది.

"గా మనిషి ఇప్పుడే నాతోని ఫోన్ల మాట్లాడిండమ్మా."

అటువైపు కీబోర్డు టకటకలు వినిపించాయి. తర్వాత అదే గొంతుతో, "విమానం బయల్దేరింది సర్," అంది.

విమానం ఎక్కడుందో చూపించే పటం తెరిచి తాత దాని ముందు కూర్చున్నాడు. చీమంత గుర్తు ఒకటి కిందికి, తన వైపుకు, పాకుతూ వచ్చింది. గిరాకీలు వచ్చి పిలిచి పోయారు. గుర్తు ఆగింది. ఆగిన చాలాసేపటికి అవ్వ ఫోన్ చేసింది.

"పోరడొచ్చిండు," అంది. గొంతు చాలా చిన్నగా ఉంది.

ఇరవై అడుగులు తాతకు ఎన్నడూ అంత దూరం అనిపించలేదు. అవ్వ వంటింటి గడపలో నిలబడి ఉంది.

"బువ్వ పెట్టిన. చెంబులకు చెంబులు నీళ్లు దాగిండు. ఒక్క మాట మాట్లాడలే. పోయి పండుకున్నడు."

"వాడేనా?"

"మనిషైతె వాడే," అంది అవ్వ, కళ్లెత్తకుండా.

గది తలుపు ఓరగా ఉంది. గోడవైపు తిరిగి, దుప్పటి చెవుల దాకా లాక్కుని పడుకుని ఉన్నాడు. మెడ మీద జుట్టు అన్వేష్‌దే, దుప్పటి ముడుచుకునే తీరూ వాడిదే. మంచం పక్కన వాడి నీలం బ్యాగు, పిడికి విమానం చీటీ. తాత వంగి దాన్ని పట్టుకుని లేపాడు. ఏ బ్యాగు ఎన్ని కిలోలో చేత్తోనే చెప్పేసే మనిషి. ఆ బ్యాగుకు బరువే లేదు. ఖాళీ బ్యాగుకైనా కొంత బరువుంటుంది, దీనికి అదీ లేదు. చప్పుడు కాకుండా పెట్టేసి, బయటికి వచ్చి తలుపు మూస్తుంటే ఫోన్ మోగింది. అన్వేష్.

తాత పెరట్లోకి పోయి ఎత్తాడు.

"తాతా, గమ్మత్తయితాంది. బువ్వ తిందామని బయటికొస్తె, మళ్ల గేటుకాడ నా పాసు నడుస్తలేదు. నేను పొద్దుగాలనే ఊరికి వోయిన్నని రాసున్నదంట. హోటల్‌కు చేస్తె వాళ్లు కూడ గట్లనే అంటున్నరు. రూం వేరేటోళ్లకు ఇచ్చిండ్రంట." వాడు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "పొద్దున నాతోని పని చేసినోడు గేటు లోపట నిలవడి, నువ్వెవరని అడుగుతుండు. నాకు సలి వెడ్తాంది తాతా."

తాతకు అర్థమైంది. వాడి రాకడను వాడుకున్నదేదో లోపల నిద్రపోతోంది. అది ఇక్కడ ఎంతసేపు పడుకుంటే, అక్కడ వాడు అంత పలచబడిపోతాడు.

"ఇంకేడికీ పోకు. పని ఇంకెవలన్న చేస్తరు. సీదా ఎయిర్‌పోర్టుకు వో."

దుకాణానికి ఉరికాడు. జీవితంలో మొదటిసారి ధరలు పోల్చలేదు. అన్నిటికన్నా ఎక్కువున్నదాని మీద నొక్కాడు. నేరుగా వచ్చేది, ముందు వరుస, బ్యాగు, భోజనం, తారీఖు మార్పు అన్నీ కలిసినది. పేరు కొడుతూ గొంతెత్తి పలికాడు, ఊరి పేరుతో సహా. వింటే విననీ అనుకున్నాడు. పక్క షట్టర్ మెడికల్ షాపతను తొంగిచూసి, ముసలాయనకు దేవుడు పూనాడనుకుని వెనక్కి పోయాడు.

"టికెట్టు నీ ఫోన్‌కే పంపిన. చూసినవా? నీ పేరు చూడు, తారీఖు చూడు," అన్నాడు అన్వేష్‌తో. "ఇగ నీ నోటితోని చెప్పు."

"ఏం చెప్పాలె?"

"వస్తున్న అని."

"వస్తున్న తాతా."

"మళ్ల చెప్పు."

"వస్తున్న."

కౌంటర్ దగ్గర వాడిని చాలాసేపు నిలబెట్టారు. ఆ పేరుతో పొద్దునే ఒకరు ఎక్కారు కదా అన్నారట. పెద్దాఫీసరును పిలిచారు, కార్డు తిప్పితిప్పి చూశారు. ఆ సేపంతా తాత గది తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని, ఫోన్ అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. లోపల నుంచి ఊపిరి వినిపిస్తూనే ఉంది, నిదానంగా, నిండుగా. తర్వాత మెసేజీ వచ్చింది. ఎక్కిన, అని ఒక్క మాట. లోపలి ఊపిరి ఒకసారి తడబడింది.

అవ్వ వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "లేపాల్నా?" అంది.

"వద్దు. లేస్తె ఏమంటదో తెల్వదు."

ఎండ వాకిట్లోంచి గోడ మీదికి పాకి, పొద్దు గూకింది. విమానం దగ్గరైన కొద్దీ లోపలి ఊపిరి సన్నబడింది. చెవి పెడితే తప్ప వినిపించనంతగా అయింది. ఆ తర్వాత చెవి పెట్టడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. దిగిన అని మెసేజీ, కారెక్కిన అని మెసేజీ. తాత కాలు తిమ్మిరెక్కినా లేవలేదు. తాను లేస్తే ఆ తలుపు తెరుచుకుంటుందేమోనని.

రాత్రి పొద్దుపోయాక గేటు ముందు కారాగింది. అన్వేష్ చేతులూపుకుంటూ దిగాడు, బ్యాగు లేదు. ముఖం పాలిపోయి ఉంది. అవ్వ ఎదురెళ్లి వాడి రెండు చేతులూ పట్టుకుని చూసింది. చల్లగా ఉన్నాయి గానీ, బరువుగా ఉన్నాయి.

"రేపు చెప్త తాతా అన్ని. మస్తు పరేషానయ్యిన," అన్నాడు. "జర పండుకుంట."

తాత గోడ పట్టుకుని లేచాడు. తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత, ఏదైతే అదయిందని, తలుపు తోశాడు.

మంచం ఖాళీగా ఉంది, పక్కన బ్యాగూ లేదు. ఫ్యాను తిరుగుతోంది. దుప్పటి కాళ్ల దగ్గరికి జారి ఉంది. పరుపు మీద ఒక మనిషి పడుకుని లేచిన గుంట, భుజాల దగ్గర వెడల్పుగా, గోడవైపు ఒరిగి.

అన్వేష్ చొక్కా కూడా విప్పకుండా దాంట్లోకి ఒరిగాడు. గుంట వాడికి సరిగ్గా సరిపోయింది. కళ్లు మూతలు పడుతుండగా, అరచేత్తో పరుపు తడిమాడు.

"యెచ్చగున్నది. ఇక్కడ ఎవలు పండుకున్నరు తాతా?"

తాత దుప్పటి లాగి వాడి చెవుల దాకా కప్పాడు.

"నువ్వే బిడ్డా," అన్నాడు. "పండుకో."