ముట్టుకోకముందే కేక

మా బాబాయ్‌ది ఒకటే అలవాటు. నొప్పి పుట్టకముందే కేక పెడతాడు. నొప్పి పుట్టాక ఎవరైనా అరుస్తారు, అందులో గొప్పేముంది?

ఆయన లిఫ్టు మెకానిక్. ముప్పై ఏళ్ల పాటు లిఫ్టు గోతిలో నిలబడి పదో అంతస్తులో ఉన్న మనిషితో మాట్లాడి మాట్లాడి గొంతు అలా తయారైంది. నిచ్చెన మీంచి జారి మోకాలు దెబ్బతిన్నాక ఫిజియోథెరపీకి వెళ్లమన్నారు. రోజూ స్కూటర్ మీద తీసుకెళ్లే బాధ్యత నాకొచ్చింది. ఎందుకంటే మా ఇంట్లో ఆ చదువు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. నాలుగున్నరేళ్ల కోర్సులో ఏడు నెలలు చదివాను. మిగతాది నా స్థాయికి తక్కువనిపించి వదిలేశాను. కాలేజీవాళ్లు ఇదే సంగతి వేరేలా చెబుతారు. వాళ్లనడక్కండి.

మొదటి రోజు ఫిజియో మేడమ్ వేడినీళ్ల సంచి పట్టుకుని రెండడుగులు వేసిందో లేదో, "చచ్చాన్రా నాయనా" అని అందుకున్నాడు.

"నేనింకా ముట్టుకోలేదండీ."

"వస్తున్నారుగా."

"ఇది ఉత్త కాపడం. హాయిగా ఉంటుంది."

"హాయి తర్వాత ఏముంటుందో నాకు తెలుసులెండి."

ఆ కేకకి వీధిలో నిలిపిన మూడు కార్ల అలారాలు మోగాయి. నాలుగోది ఏకంగా స్టార్టయింది. కింది అంతస్తులో పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న పేషెంటు, మెడకి కట్టిన గుడ్డతో సహా బస్టాపు దాకా పరిగెత్తాడు. ఇందులో నేను కలిపిందేమైనా ఉంటే అది గుడ్డ ఒక్కటే.

పక్క మంచం మీద ఒక బస్సు డ్రైవరమ్మ ఉండేది. కాలు విరిగి రెండు నెలలు కట్టులో ఉండేసరికి ఆవిడ మోకాలు బిగుసుకుపోయింది. మేడమ్ వంచుతుంటే ఆవిడ పళ్లు బిగించి, దుప్పటి అంచు గుప్పిట పట్టి, ఫ్యాను వంక చూసేది. నోట్లోంచి చిన్న మూలుగు కూడా రాదు. కోణం కొలిచే స్కేలు పెడితే ఎనభై ఐదు. మర్నాడూ ఎనభై ఐదే. డిపోవాళ్లు నెలాఖరు దాకా గడువిచ్చారు. మోకాలు నూట పది డిగ్రీలు వంగితే స్టీరింగు, వంగకపోతే ఇక జన్మంతా టికెట్ల కిటికీ.

"ఊపిరి వదలండమ్మా," అనేది మేడమ్. "మీరు బిగబట్టేకొద్దీ కండరం కూడా బిగుసుకుంటుంది. నొప్పేస్తే అరవండి, పర్లేదు."

"ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క ప్యాసింజరు మీద కూడా అరవలేదండీ. ఇప్పుడు నలుగురిలో అరిస్తే ఏం బాగుంటుంది?"

సరిగ్గా అప్పుడే ఎవరో మా బాబాయ్ కాలి కింద దిండు సర్దారు. దిండుకి కూడా కేకే. డ్రైవరమ్మ ఉలిక్కిపడి, ఆపుకోలేక నవ్వేసింది. నవ్వుతో పాటు ఊపిరీ వదిలింది. స్కేలు ఎనభై తొమ్మిది చూపించింది.

అదేదీ నాకు పట్టలేదు. నా పరువే నాకు ముఖ్యం.

"బాబాయ్, కాస్త సౌండు తగ్గించు. తలెత్తుకోలేకపోతున్నాను."

"నువ్వు తలెత్తి చేసే ఘనకార్యాలేమున్నాయిరా? బండి చూసి నడుపు."

మూడు వారాల తర్వాత ఒక పొద్దున ముందుగా వెళితే ఆయన ఇంట్లో లేడు. "మేడ మీద లిఫ్టు మోటారు గదిలో ఉన్నాడు, చూడు," అంది పిన్ని. వెళ్లి చూద్దును కదా, మా రోగిగారు రెండు మోకాళ్లూ పూర్తిగా మడిచి, గొంతుక్కూర్చుని బోల్టు బిగిస్తున్నారు. నన్ను చూసి స్ప్రింగులా లేచాడు.

"నీ మోకాలు?"

"దానికేం, పది రోజులైంది బాగుపడి."

"మరి అక్కడ ఆ గోలంతా?"

పానా తుడుచుకుంటూ కాసేపు నసిగాడు. "ఆ డ్రైవరమ్మ అరవదురా. నేనరిస్తే నవ్వుతుంది. నవ్విన రోజు ఒకటో రెండో డిగ్రీలు కలుస్తున్నాయి. మేడమ్‌కి తెలుసు. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు."

నేనెవరికీ చెప్పలేదు, ఎదురుపడ్డవాళ్లకి తప్ప.

గడువు ఆఖరి రోజు రానే వచ్చింది. స్కేలు నూట ఆరు దగ్గర మొరాయించింది. బాబాయ్ పడుకున్నాడు, మేడమ్ దగ్గరకొచ్చింది, ఆయన నోరు తెరిచాడు. పంక్చరైన టైరు చప్పుడు వచ్చింది. ఆ రోజుకి ప్రత్యేకంగా పెద్ద కేక కావాలని ముందు రోజంతా లిఫ్టు గోతిలో సాధన చేశాడట. గొంతు పోయింది.

నన్ను మోచేత్తో పొడిచి, అరవమన్నట్టు సైగ చేశాడు. నేను గుండెల నిండా గాలి పీల్చి అరిచాను. మేడమ్ కిటికీ వైపు చూసి, "పిల్లిగానీ దూరిందా?" అంది.

డ్రైవరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆయన మడిచి పెట్టుకున్న మోకాలినీ చూసింది. ఆవిడకి అంతా అర్థమైంది.

"మీరాగండి అన్నయ్యగారూ," అని, మేడమ్ మళ్లీ తన మోకాలు వంచుతుంటే కళ్లు మూసుకుని తనే అరిచింది. అది కేక కాదు. ఇన్నేళ్లుగా అడ్డమొచ్చిన లారీవాళ్లనీ, కదిలే బస్సులోంచి దూకినవాళ్లనీ అనకుండా మింగినదంతా ఒక్కసారే బయటికొచ్చింది. నేను కుర్చీతో సహా వెనక్కి పడ్డాను.

"నూట పన్నెండు," అంది మేడమ్.

డ్రైవరమ్మ సిగ్గుపడింది. "మరీ గట్టిగా అరిచానా?"

బాబాయ్ నా చెవిలో గుసగుసలాడాడు. నేను పైకి చెప్పాను. "పర్లేదటండీ. ఇంకో రెండేళ్లు సాధన చేస్తే లిఫ్టు పనిలోకి తీసుకుంటాడట."

"నాకు బస్సుంది, వద్దని చెప్పండి," అని మంచం అంచున కూర్చుని, మోకాలు పైకి మడిచి, బూటు తాడు తనే కట్టుకుంది.