మందు లేని సూది

సూది పొట్లం చించినప్పుడు వచ్చే చిన్న చప్పుడు, ఆ వెంటనే స్పిరిట్ దూది వాసన. ఈ రెండూ కలిస్తే చాలు, ఇప్పటికీ నా నడుం దానంతటదే నిటారవుతుంది. వెనక ఎవరో నిలబడి నా చెయ్యి చూస్తున్నారనిపిస్తుంది. చూసే మనిషి ఇప్పుడు లేరు. సన్యాసినాయుడు గారు పోయి మూడేళ్లయింది. కూర్మన్నపాలెం జంక్షన్లో, మందుల షాపు పైఅంతస్తులో ఆయన పెట్టిన ఫిజియోథెరపీ క్లినిక్ని ఇప్పుడు నేను నడుపుతున్నాను. మడమ నొప్పితో వచ్చేవాళ్లకి ఈ చుట్టుపక్కల కరువు లేదు. బరువైన బూట్లతో సిమెంటు నేల మీద షిఫ్టంతా నిలబడేవాళ్లు, పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వెయ్యడానికి గోడ పట్టుకునేవాళ్లు రోజూ వస్తారు. వాళ్లకి సూది గుచ్చేటప్పుడు నాకు బెరుకుండదు. ఆ ధైర్యం చదువు వల్ల వచ్చిందని ఎవరైనా అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చినాయన. నేను ఇక్కడి క్వార్టర్లలో పుట్టి పెరిగి, ఫిజియోథెరపీ చదివి, ఆపైన మందు లేని సన్నటి సూదితో కండరం ముడి వదులు చేసే డ్రై నీడిలింగ్ కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్‌ని నలగకుండా ఫైల్లో పెట్టుకుని నాయుడు గారి దగ్గరికి వెళ్లాను. ఆయనది ఎలమంచిలి దగ్గర పల్లె, వ్యవసాయం మీద బతికిన ఇల్లు. పొట్టి మనిషి. ఎంత చదివినా ఆ ఊరి మాట వదల్లేదు, వదలాలని ఆయనకి తోచినట్టు కూడా లేదు. సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూసి, "బాగున్నాది, ఇంట్లో బద్రంగా దాసుకో. ముందు నీ బొటనవేలు ఏటి సెప్తాదో ఇందాం" అన్నారు. మూడు నెలలు నన్ను సూది ముట్టుకోనివ్వలేదు. మడమ నొప్పి అని వచ్చినవాళ్ల పిక్కని వేలితో నొక్కుతూ, కండరం ఎక్కడ ముడిపడి ఉందో పట్టుకుని, పెన్నుతో చుక్క పెట్టాలి. పిక్క బిగుసుకుంటే అది కింద మడమని లాగుతుంది, చాలామందికి నొప్పి అక్కడినుంచే ముదురుతుంది. నేను పెట్టిన చుక్క తప్పయితే ఆయన ఒక్క మాటా అనకుండా తడిదూదితో తుడిచేసేవారు. తిట్టినా బాగుండునని ఇంటికొచ్చి ఏడ్చిన రోజులున్నాయి.

నాలుగో నెలలో ఒకరోజు మధ్యాహ్నం ఆయనే బల్ల మీద బోర్లా పడుకుని ప్యాంటు మోకాలి దాకా మడిచారు. "గుచ్చీ" అన్నారు. "మీకా సార్?" అని నేను వెనక్కి జరిగాను. "నాకు కాపోతే ఎవులికి? తప్పు గుచ్చితే నాను సెప్తాను. వచ్చినోళ్లు సెప్పరు, మొహమాటానికి ఊరుకుంటారు." మొదటి సూది తప్పింది. "నొప్పి" అన్నారు, టైమెంతయిందో చెప్పినట్టు. రెండోదీ తప్పింది. మూడో సూది సరిగ్గా ముడిలోకి దిగగానే ఆయన పిక్క ఒక్కసారి ఎగిరిపడింది, నా గుండె కూడా ఎగిరిపడింది. "అదీ!" అని ఆయన అరిచిన అరుపుకి కింద షాపులో కుర్రాళ్లు మెట్లెక్కి వచ్చారు. తన ఒంటిని అలా నా చేతికి అప్పగించిన గురువు నాకు ఇంకెవరూ లేరు.

ఆ తర్వాత నాకంటూ ఇచ్చిన మొదటి పేషెంటు పైడితల్లి. కూర్మన్నపాలెంలోనే ఇల్లు, మద్దిలపాలెం డిపోలో బస్సు కండక్టరు. అంతకుముందు ఏడు కూతురికి డెంగ్యూ వచ్చి చావుదాకా వెళ్లి బతికిందట. అప్పుడు మొక్కుకుంది, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చేస్తానని. కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు, అదీ చెప్పుల్లేకుండా. పౌర్ణమి ఇంకా మూడు వారాలుంది, ఆమె మడమ నేలకి ఆనడం లేదు. నేను పొట్లంలోంచి సూది తీయగానే గబుక్కున లేచి కూర్చుంది. "సిరంజీ ఏదమ్మా? మందు నేకండా ఉత్తినే పొడిసీడానికేటి నాను సెలవెట్టుకోని వచ్చాను?" ఒక కాలు అప్పుడే బల్ల దిగింది. మొదటి పేషెంటు లేచిపోతోందన్న భయంలో నా నోట్లోంచి అబద్ధం చక్కగా వచ్చేసింది. "మందు సూది మొనకే పూసి ఉంటుందక్కా. కంపెనీవాళ్లే పూసి పంపిస్తారు." పైడితల్లి వెంటనే పడుకుంది. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను!

రెండు వారాల్లో నొప్పి నిజంగానే తగ్గింది. మూడోసారి వచ్చినప్పుడు ఆమె నా దగ్గరికి రాకుండా నేరుగా నాయుడు గారి దగ్గరికి వెళ్లింది. "బాబూ, ఆ మందు పూసిన సూదులు ఇంకో నాలుగు ఎక్కువేయించండి. కొండ సుట్టూ తిరిగొచ్చీదాకా సరిపోవాల" అంది. గోడకి చేతులానించి పిక్క సాగదీసే వ్యాయామం నేర్పితే మానేసిందట, వేసుకోమన్న మెత్తటి చెప్పులు కూడా పక్కన పెట్టేసిందట. లోపల మందు పని చేస్తున్నప్పుడు అవన్నీ ఎందుకని. నాయుడు గారు నా వంక చూశారు. పిక్క ఇంకా మెత్తబడలేదు, రేపు రమ్మని ఆమెని పంపేసి, తలుపు దగ్గరగా వేశారు.

"మందుందని సెప్పావా?"

"లేకపోతే వెళ్లిపోయేది సార్."

"ఎల్లిపోనీ. నీ మాట నమ్మీసి వట్టికాళ్లతో కొండ సుట్టూ తిరగడానికి తయారైపోనాది ఆ మడిసి. ఎల్లి సెప్పీ."

"మీరు చెబితే వింటుంది సార్."

"అబద్దం ఆడింది నువ్వు. నాను సెప్తే ఎలగ?"

ఆ సాయంత్రమే మద్దిలపాలెం వెళ్లాను. డిపోలో పైడితల్లి టిక్కెట్ల మిషను సంచిలో సర్దుకుంటోంది. నన్ను చూసి నవ్వింది. మొత్తం చెప్పాను. సూదిలో మందు లేదని, ముడిపడ్డ కండరాన్ని వదులు చెయ్యడమే దాని పనని, కాలికి ఇంకా బలం రాలేదని, ఇప్పుడు అంత దూరం నడిస్తే మళ్లీ మొదటికొస్తుందని. ఆమె నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు, తల దించుకుని మాట్లాడుతున్నాను. "నాను దేవుడికి మాటిచ్చీసాను. నీ మాట పట్టుకోనే సంబరంగున్నాను ఇన్నాళ్లూ" అంది. ఆ తర్వాత బస్సెక్కి, వెనక్కి చూడకుండా విజిలేసింది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

మర్నాడు ఆమె రాలేదు. పౌర్ణమి వెళ్లిపోయింది, అప్పటికీ రాలేదు. "నిజం చెప్పి పోగొట్టుకున్నాం సార్" అన్నాను ఉక్రోషంగా. ఆయన ఓదారుస్తారనుకున్నాను. "నిజం సెప్తే మళ్లీ వత్తారని నీకు ఎవులు సెప్పారు?" అని, బల్ల మీది దుప్పటి మార్చమన్నారు. అదీ ఆయన పద్ధతి.

మరో రెండు వారాలకి పైడితల్లి మెట్లెక్కి వచ్చింది. నడక చూస్తే తెలిసింది, అంత దూరం నడిచిన కాలు కాదది. "కొండ కింద తొలి మెట్టు, ఆ తొలి పావంచా కాడికెల్లి కొబ్బరికాయ కొట్టీసి వచ్చీసాను. నా కాలు బాగోనేదు సామీ, వచ్చీ ఏడు తిరుగుతాను అని సెప్పీసాను" అంది నాయుడు గారితో. నా వైపు చూసింది. "ఈ పిల్ల అంత దూరం వచ్చి నా మొహాన సెప్పింది కదా. దేవుడికి సెప్పడానికి నాకేటి బయం?"

నాయుడు గారు చేతులు కడుక్కుని తనే చేస్తానన్నారు. "వొద్దు బాబూ, ఆ పిల్లే గుచ్చాల. మీరు నాకు అబద్దం ఆడతారో ఆడరో నాకు తెల్దు. ఆ పిల్ల ఆడీసింది, అయిపోనాది. ఇంక ఆడదు" అని బల్లెక్కి పడుకుంది. నాయుడు గారు పెద్దగా నవ్వారు. సూదుల ట్రే నా చేతికిచ్చి, బయటికి వెళ్లి కర్టెన్ వేసేశారు. అన్నాళ్లలో ఆయన నా వెనక నిలబడకపోవడం అదే మొదలు. నా కళ్లు నిండిపోయాయి. తుడుచుకుని, "సూదిలో మందేమీ లేదక్కా. నొప్పిగా ఉంటే చెప్పు, ఆపేస్తాను. వ్యాయామం మాత్రం మానకూడదు" అన్నాను. "తెలుసు, కానియ్యి" అంది.

మరుసటి ఏడు పైడితల్లి కొండ చుట్టూ మొత్తం తిరిగింది. అరికాళ్లు బొబ్బలెక్కాయి, మడమ మాత్రం నిలబడింది. ఇప్పుడు నా దగ్గర పనికి చేరే ప్రతి అమ్మాయీ ఏదో ఒక సర్టిఫికెట్ పట్టుకునే వస్తుంది. మొదటి రోజు కూర్చోబెట్టి, పైడితల్లికి నేనాడిన అబద్ధం ఉన్నదున్నట్టు చెబుతాను. నా పరువు పోతుందని ఎప్పుడూ అనిపించలేదు. అది విన్నాక వాళ్లు తమ తప్పులు నా దగ్గర దాచడం లేదు.