దేవుడి దగ్గర పెట్టిన కార్డు

మా చెల్లెలు పద్మజ సౌదీలో, ఖోబర్‌లో ఉంటుంది. నేనుండే బహ్రెయిన్ నుంచి అక్కడికి బస్సులో ఎలా వెళ్ళి రావాలో రాసి పంపమని వారం రోజులుగా పోరుతోంది. ఇక్కడున్న తన స్నేహితురాళ్ళు అడుగుతున్నారట. రాస్తున్నాను. దారి సులువే. సముద్రం మీద పాతిక కిలోమీటర్ల వంతెన, అన్నీ కలిపి రెండున్నర గంటల ప్రయాణం. కాకపోతే తిరిగొచ్చేటప్పుడు ఆ వంతెన మధ్యలో రెండు గంటలపాటు నేను ఏ దేశానికీ పనికిరాకుండా కూర్చున్నాను. కాబట్టి ఇందులో కోపం ఉంటుంది. అది పక్కన పెట్టి చదువుకోగలిగినవాళ్ళు చదువుకోండి.

వెళ్ళింది పద్మజ కూతురి బారసాలకి. శుక్రవారం ఇరవై ఒకటో రోజు. పురిటికి రావలసిన మా అమ్మకి వీసా రాలేదు. నాకు పద్మజ భర్త వీసా తీశాడు, ఒక్కసారి వెళ్ళి రావడానికి మాత్రమే. ఆదివారం ఉదయం ఏడు గంటలకి నేను ఈసా టౌన్లో ఒక స్కూల్లో లెక్కల టీచరుగా చేరాలి. గురువారం వెళ్ళి శనివారం వచ్చేస్తే సరిపోతుందని లెక్క వేసుకున్నాను.

ఆ ఉద్యోగం గురించి రెండు మాటలు చెప్పాలి. పెళ్ళికి ముందూ తరవాతా కలిపి కాకినాడలో ఆరేళ్ళు పాఠాలు చెప్పాను. బహ్రెయిన్ వచ్చాక తొమ్మిదేళ్ళు మహూజ్‌లో మా ఫ్లాటులోనే ఉన్నాను. ఇక్కడ నివసించే ప్రతివాళ్ళకీ ఒక కార్డు ఉంటుంది. బ్యాంకులో, ఆసుపత్రిలో, ఆఖరికి ఫోను సిమ్ కొన్నా అదే అడుగుతారు. నా కార్డులో స్పాన్సరు దగ్గర మా ఆయన ప్రసాద్ పేరు ఉండేది. అది గడువు తీరి పన్నెండు రోజులైంది. మంగళవారం కొత్తది వచ్చింది. స్పాన్సరు స్కూలు, వృత్తి టీచరు. ఆయన పేరు ఎక్కడా లేదు. నాలుగుసార్లు తిప్పి చూసుకున్నాను.

మా ఇంట్లో కొత్తది ఏదొచ్చినా ముందు దేవుడి దగ్గర పెడతాం. బండి తాళాలు, హాల్ టిక్కెట్లు, పాస్‌పోర్టులు అన్నీ అలాగే. కార్డు కూడా మా ఆయనే తీసుకెళ్ళి పెట్టి, కుంకుమ బొట్టు పెట్టారు. గురువారం పొద్దున నేను దాన్ని తియ్యబోతుంటే ఆపారు.

"అది ఇప్పుడు కదపకు. ఆదివారం డ్యూటీలో చేరేటప్పుడే తియ్యాలిట. అమ్మ చెప్పింది."

"బోర్డరు దగ్గర అడిగితే?"

"పాతది ఉందిగా నీ పర్సులో. అయినా ఇప్పుడంతా కంప్యూటర్లోనే చూస్తారు."

అక్కడ నేను చెయ్యవలసింది ఒక్కటే, చెయ్యి చాపి కార్డు తీసుకోవడం. కానీ బస్సుకి టైమవుతోంది, గుమ్మంలో నిలబడి అత్తగారి మాట మీద గొడవ ఎందుకని ఊరుకున్నాను. ఎవరి తప్పు ఎంతో లెక్కగట్టేముందు నాది ముందు రాసుకుంటున్నాను.

గురువారం తొమ్మిదిన్నరకి మనామాలో బస్సెక్కాను. టిక్కెట్టు ఆరు దీనార్లు. వంతెన మధ్యలో ఒక దీవి ఉంటుంది, రెండు దేశాల పాస్‌పోర్టు తనిఖీలూ అక్కడే. రెండుసార్లు దిగి ఎక్కాలి, సామాను మిషన్లో వెయ్యాలి. కాళ్ళకి తేలికైన చెప్పులు వేసుకోండి. వెళ్ళేటప్పుడు నన్నెవరూ కార్డు అడగలేదు. పన్నెండుకల్లా పద్మజ ఇంట్లో బీరకాయ పప్పుతో అన్నం తింటున్నాను. మర్నాడు బియ్యంలో ఉంగరంతో పిల్ల పేరు రాశారు, హంసిని అని. పిల్ల ఆ హడావిడంతా నిద్రపోయింది.

శనివారం పొద్దున ఎనిమిదికి ఖోబర్‌లో తిరుగు బస్సు. దమ్మాం నుంచి వచ్చేసరికే సగం నిండింది. నా పక్కసీటు ఆయనకి యాభై దాటి ఉంటాయి. నా ఫోనులో తెలుగు విని తనే పలకరించాడు. పేరు గంగారాం, జగిత్యాల దిక్కు. బహ్రెయిన్‌లో ప్లాస్టరింగ్ మేస్త్రి. కంపెనీవాళ్ళు దమ్మాంలో పది రోజుల పనికి పంపితే ముగించుకుని వస్తున్నాడు.

"పదిహేడేండ్లాయె చెల్లె, దుబాయి కొచ్చి."

"దుబాయి కాదు కదా, బహ్రెయిన్."

"మా ఊర్లె అన్నీ దుబాయే," అన్నాడు.

చొక్కా లోపలనుంచి తాడు లాగి మెడలో వేళ్ళాడుతున్న ప్లాస్టిక్ కవరు చూపించాడు. పాస్‌పోర్టు, కార్డు, పాత కార్డుల జిరాక్సులు, బిడ్డ ఫోటో అన్నీ అందులోనే. స్నానం చేసేటప్పుడు తప్ప తియ్యడట. నేను నవ్వాను. గంట తిరక్కుండా నా నవ్వు నాకే తగిలింది.

తొమ్మిదీ ఐదుకి సౌదీవాళ్ళు బయటికి వెళ్తున్నట్టు ముద్ర వేశారు. ఆ ముద్రతో నా వీసా అయిపోయింది. తొమ్మిదీ ఇరవైకి బహ్రెయిన్ కౌంటరు. లోపల ఒక అమ్మాయి, నల్ల స్కార్ఫు, మర్యాదగానే ఉంది. పాస్‌పోర్టు చూసి, కంప్యూటరు చూసి, మళ్ళీ పాస్‌పోర్టు చూసింది.

మీ రెసిడెన్సీ రద్దయినట్టుంది అంది ఇంగ్లీషులో. అది మా ఆయన పేరు మీద ఉన్న పాతదని, కొత్తది స్కూలు పేరు మీద వచ్చిందని చెప్పాను. ఈ పాస్‌పోర్టు నంబరు మీద కొత్తదేమీ కనబడటం లేదంది. స్కూలు ఆఫీసులో ఎవరో నా పాస్‌పోర్టు నంబరులో ఒక అంకె తప్పు కొట్టారని తరవాత తెలిసింది. కార్డు ఉందా అని అడిగింది. పాతది ఇచ్చాను. తేదీ మీద వేలు పెట్టి చూపించి తిరిగిచ్చేసింది.

"కొత్తది ఇంట్లో ఉంది."

"ఇంట్లో ఎందుకుంది?" అని అడిగింది. వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని.

దేవుడి దగ్గర పెట్టామని ఇంగ్లీషులో ఎలా చెప్పను? తెలుగులో మాత్రం చెప్పేలా ఉందా? ఫోటో తెప్పిస్తానంటే కుదరదంది, కార్డు మిషన్లో పెట్టాలిట. పక్కన కుర్చీలో కూర్చోమంది. కార్డు రాకపోతే ఏమిటని అడిగాను. సౌదీ వైపు తిప్పి పంపాలి, వాళ్ళు తీసుకుంటారో లేదో తనకి తెలియదని చెప్పింది. వీసా లేని దేశం వెనక, రానివ్వని దేశం ముందు. రేపు పొద్దున ఏడింటికి నేను కనబడకపోతే ఆ ఉద్యోగానికి ఇంకొకళ్ళని చూసుకుంటారు, వరసలో ఇద్దరున్నారని ఇంటర్వ్యూలోనే చెప్పారు.

ఇంటికి ఫోను చేశాను.

"ఏమండీ, నన్ను ఆపేశారు. కార్డు పట్టుకుని వెంటనే బయల్దేరండి."

"ఇప్పుడు టైమెంతయింది?"

"తొమ్మిదీ నలభై."

"శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. సరిగ్గా పదిన్నరకి తీసి బయల్దేరతాను. గంటేగా, కూర్చో."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఇంట్లో పండగైనా, ముహూర్తమైనా తుని టైము ప్రకారమే. మా అత్తగారు తునిలో ఉంటారు, ఆవిడ క్యాలెండరులో ఎంతుంటే మాకూ అంతే. ఇక్కడ మధ్యాహ్నం మూడున్నరకి, ఎండ మండిపోతుండగా సంధ్యాదీపం పెట్టిన రోజులున్నాయి.

"తునిలో ఇప్పుడు పన్నెండు దాటింది. రాహుకాలం ఎప్పుడో అయిపోయింది," అన్నాను.

"అలా కాదు. మనం ఉన్నచోటి సూర్యుణ్ణి బట్టి చూసుకోవాలి."

"తొమ్మిదేళ్ళుగా లేని సూర్యుడు ఇవాళే వచ్చాడా మీకు?"

"ఉండు, అమ్మని అడిగి చెప్తాను."

అడిగేదేదో నేనే అడుగుదామని ఫోను పెట్టేసి నేరుగా తునికి చేశాను. మా అత్తగారు మొదటి రింగుకే ఎత్తారు.

"చెప్పవే సుజాతా, పిల్లకి ఏం పేరు పెట్టారు?"

పేరు చెప్పి, నేనెక్కడున్నానో, ఎందుకున్నానో చెప్పాను. ఆదివారం దాకా కార్డు తియ్యొద్దన్నది మీరేగా అని కూడా అన్నాను. గొంతు బాగానే పెరిగి ఉంటుంది, ఎదుటి వరసలో వాళ్ళు తలెత్తి చూశారు.

"నేనా? దేవుడి దగ్గర పెట్టి, దణ్ణం పెట్టుకుని, సంచిలో వేసుకెళ్ళమని చెప్పానే. ఊరు దాటి పోయే మనిషిని కాయితం వదిలేసి పొమ్మని ఎందుకంటాను, నాకేమైనా మతిపోయిందా?"

"మరి రాహుకాలమని..."

"దారిలో చిక్కుకున్నదానికి రాహుకాలమేమిటే. నువ్వు పెట్టెయ్. వాడి సంగతి నేను చూస్తాను."

ఫోను చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. బహ్రెయిన్ వచ్చిన మూడో ఏట ఒక స్కూల్లో పిలిస్తే మా ఆయన వెళ్ళొద్దన్నారు, అమ్మ వద్దందని. డ్రైవింగ్ నేర్చుకుంటానంటే అమ్మ భయపడుతుందన్నారు. ఇన్నేళ్ళూ నేను తునిలో ఉన్న ఆ మనిషి మీద పళ్ళు నూరుకున్నాను. ఆవిడతో ముక్తసరిగా మాట్లాడాను. పండక్కి చీర పంపితే రంగు బాగాలేదని బీరువా అడుగున పడేశాను. అందులో ఎన్ని ఆవిడ మాటలో, ఎన్ని కావో ఇప్పుడెలా తేల్చుకోను? అంత కోపం నాకు పెళ్ళయ్యాక ఎప్పుడూ రాలేదు.

బయట బస్సు డ్రైవరు "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ కేకలేస్తున్నాడు. గంగారాం అతనితో హిందీలో బతిమాలుతున్నాడు. "భాయ్, లేడీస్ హై, దస్ మినట్." డ్రైవరు పావుగంట ఆగాడు. అంతకంటే ఆగలేడు, బస్సులో నలభై మంది ఉన్నారు. గంగారాం నా సామాను దింపి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. బిస్కట్ ప్యాకెట్టు, నీళ్ళ సీసా దాని మీద పెట్టాడు.

"ఏమాయె చెల్లె, కార్డు ఏడుంది?"

"ఇంట్లో. దేవుడి దగ్గర."

ఆయన నవ్వలేదు. "నా కార్డు నాలుగేండ్లు కఫీల్ తాన, అదే స్పాన్సర్ తాన ఉండె. అడిగితె, ఇస్త తియ్ అంటుండె. ఆ నాలుగేండ్లు నేను క్యాంపు గేటు దాటలే. మా నాయిన సచ్చిపోతె గుడ పోలే." మెడలో కవరు తడుముకున్నాడు. "కార్డు ఎవ్వలకియ్యద్దు చెల్లె. దేవునికి గుడ ఇయ్యద్దు."

ఆయన వెళ్ళిపోయాక ఆ బిస్కట్లన్నీ తినేశాను. కోపంలో నాకు ఆకలెక్కువ.

మా ఆయన పదకొండుకి వచ్చారు. పదిన్నర కాకముందే ఇల్లు కదిలారన్నమాట. వాళ్ళమ్మ ఏమన్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. లోపలికి రానివ్వరు కాబట్టి బయట గేటు దగ్గర పోలీసాయన చేతికిచ్చారు, ఆయన కౌంటరుకి తెచ్చాడు. ఆ అమ్మాయి కార్డు మిషన్లో పెట్టింది. చదవలేదు. తీసి మళ్ళీ పెట్టింది. చదవలేదు. కార్డు మీద బంగారు రంగు చిప్ ఉంటుంది, బొట్టు సరిగ్గా దాని మీదే పెట్టారు. ఆ అమ్మాయి వేలితో రుద్ది, ఎర్రబడిన వేలు చూసి కంగారు పడింది.

"రక్తమా?"

"కాదు. పూజ," అన్నాను.

టిష్యూ కాగితంతో రెండుసార్లు తుడిచి మూడోసారి పెట్టింది. ఈసారి కంప్యూటరులో నా ఫోటో వచ్చింది. కింద ఏముందో పైకి చదివింది, టీచర్ అని. ఎవరితోనో ఫోనులో మాట్లాడి, నంబరు సరిచేయించుకోమని చెప్పి ముద్ర వేసింది. "ఖలాస్," అని కార్డుని నా చేతికే ఇచ్చింది. గడియారంలో పదకొండూ ఇరవై.

కారులో వెనక సీట్లో కూర్చున్నాను. సముద్రం రెండువైపులా చాలా అందంగా ఉంటుందంటారు. నేను చూడలేదు, మీరు చూడండి. మహూజ్ చేరడానికి ఇంకా పది నిమిషాలుందనగా ఆయన నోరు విప్పారు.

"అమ్మ అనలేదు. నేనే అన్నాను."

"తెలిసింది."

"నా పేరు లేని కార్డుతో నువ్వు ఒక్కదానివే బోర్డరు దాటడం నాకు అదోలా అనిపించింది. నా పేరుంటే నిన్నెవరూ ఆపరని."

అబద్ధం చెప్పినవాణ్ణి తిట్టడం తేలిక. ఈ మాట అద్దంలో నా కళ్ళలోకి చూసి చెప్పారు. జాలి పడాలో, తలుపు తీసుకుని దిగిపోవాలో తెలియలేదు. "మీ పేరున్న కార్డుకే నన్ను ఆపారు," అని మాత్రం అన్నాను.

ఇంటికెళ్ళి తునికి ఫోను చేసి చేరానని చెప్పాను. బీరువా అడుగునుంచి ఆ చీర తీశాను. రంగు నిజంగానే బాగాలేదు. అయినా ఆదివారం దాన్నే కట్టుకుని ఆరున్నరకి స్కూలు గేటు దగ్గరున్నాను.

ఈ దారిన రాబోయేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. బస్సు టైముకి వస్తుంది, డ్రైవర్లు మంచివాళ్ళు, ఖోబర్‌లో కూరగాయలు మన దగ్గరకంటే తాజాగా ఉంటాయి. మీ కార్డు మీ ఒంటి మీద ఉండాలి. నాది ఇప్పుడు గంగారాం కవరులాంటి దాంట్లో మెడలో ఉంటోంది. దేవుడి దగ్గర కాసేపు పెట్టి తీస్తానని మా ఆయన ఆ శనివారం సాయంత్రమే మళ్ళీ అడిగారు. నేను పర్సులోంచి గడువు తీరిన పాత కార్డు, ఆయన పేరున్నది, తీసి కుంకుమ బొట్టు పెట్టి దేవుడి దగ్గర నేనే ఉంచాను. అది ఇక అక్కడే ఉంటుంది.