నాడెకు ఎంగిలి లేదు

కోడుమూరులో పురిటింటికి వచ్చేవాళ్ళెవరూ కాళ్ళు కడుక్కోకుండా గడప దాటరు. వాకిట్లో తొట్టి, తొట్టి మీద చెంబు. మడమలు తడిశాయో లేదో వంగి మరీ చూసుకుంటారు. పసిబిడ్డకు గాలీ ధూళీ సోకకూడదని. ఇంత శ్రద్ధ ఉన్నవాళ్ళను చేతులు కూడా కడుక్కోమంటే మాత్రం, తిట్టినట్టు చూసేవారు. పక్కింటి అత్త అయితే గడప మీదే నిలబడిపోయింది.

"కాళ్ళు కడుక్కోనే కదమ్మా వస్తి. మళ్ళా చేతులేంటికి?"

డాక్టరమ్మ చెప్పిందన్నాను. అత్త మూతి ముడుచుకుని సబ్బుతో చేతులు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది, అదే కొంగుతో ముక్కు కూడా తుడుచుకుని, లోపలికి వచ్చి నా కూతురి బుగ్గ పుణికింది. నాకు ఒళ్ళు మండింది. కానీ పిల్లను చూడవచ్చిన మనిషిని ఏమంటాం? ఆమె ఇచ్చిన రవికె గుడ్డ తీసుకుని నవ్వాను.

మా కాపురం కడపలో. తొలి కాన్పుకని కోడుమూరులో పుట్టింటికి వచ్చాను. పిల్ల నెల ముందే పుట్టింది, పిడికెడు పిల్ల. కర్నూలు ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఊపిరితిత్తులు ఇంకా లేతగా ఉన్నాయి, పెద్దవాళ్ళకు మామూలు జలుబే ఈ పిల్లకు ప్రాణం మీదికి రావచ్చు. దగ్గేవాళ్ళు దగ్గరికి రాకూడదు, ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలి, ముద్దులు పెట్టకూడదు, గదిలోకి గాలి రావాలి. ఇవన్నీ కరోనా రోజుల్లో ఊరూ వాడా నేర్చుకున్న పాఠాలే కదా, ఇందులో ఏముందిలే అనుకున్నాను.

ఇంటికి వచ్చాక తెలిసింది ఏముందో. నేను చేతులు కడుక్కోబోతే మా అమ్మ చెంబు లాక్కునేది. బాలింత పచ్చి ఒళ్ళు, చన్నీళ్ళు తగిలితే నరాలు గుంజుకుంటాయట. నీళ్ళు కాగేదాకా పిల్ల గుక్కపట్టి ఏడవాలి. నేను కిటికీ తీస్తే అమ్మ మూసేది, నా చెవుల్లో దూది కుక్కేది. సాంబ్రాణి పొగ వేస్తే పిల్లకు ఊపిరాడదని డాక్టరమ్మ, పొగ వెయ్యకపోతే జలుబు చేస్తుందని అమ్మ. పొద్దున ఒకరి మాట వినేదాన్ని, సాయంత్రం ఇంకొకరి మాట. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి, ఇదిగో ఇది మాత్రమే చెయ్యి అని ఒక్క మాట చెప్పి ఉంటే వాళ్ళ కాళ్ళకు దండం పెట్టేదాన్ని.

మొత్తం ఇంట్లో చెప్పింది చెప్పినట్టు విన్నది మా నాయన ఒక్కడే. ఆయన చేనేత మనిషి. ముందు గదిలో మగ్గం, నడిమింట్లో నేనూ పిల్లా, మధ్యలో గడప. మేము ఇంటికి వచ్చిన వారానికే ఆయనకు దగ్గు పట్టుకుంది. చలికాలం ఆయనకు అది మామూలే. ఎవరూ చెప్పకముందే ఆ గడప దాటడం మానుకున్నాడు. పెట్టె అడుగు నుంచి పాత మాస్కులు వెతికి తీసుకున్నాడు. రోజూ ఒకటి ఉతికి మగ్గం తాడు మీద ఆరేసేవాడు. కంచం వేరు, తువ్వాలు వేరు, పడక మగ్గం పక్కనే. మనవరాలిని ఒక్కసారైనా చేతుల్లోకి తీసుకోలేదు. గడప అవతల నిలబడి మెడ సాచి చూసి, ఎట్లుండాది మ్మా అని అడిగి, దగ్గు వచ్చేలోగా వెనక్కి తిరిగిపోయేవాడు. నాకు జాలేసేది. అంతకంటే ఎక్కువగా ధైర్యంగా ఉండేది, ఆ మాట దాచుకోవడమెందుకు.

అయినా పిల్లకు వచ్చింది.

మొదట ముక్కు మూసుకుపోయింది. రెండు గుక్కలు పాలు తాగి వదిలేసేది. తుమ్మితే అమ్మ చిరంజీవ అనేది. మర్నాటికి ఊపిరి తీస్తుంటే పక్కటెముకల కింద గుంట పడుతోంది. అద్దె కారులో కర్నూలుకు పరుగెత్తాం. దారి పొడవునా పిల్ల పొట్ట మీదే నా చూపు. అది లేచి పడుతుంటే నేను బతికి ఉన్నాను. ఆసుపత్రిలో ఆ చిన్న ముక్కుకు గొట్టం తగిలించారు. ఇంట్లో దగ్గు ఎవరికుందని డాక్టరమ్మ అడిగింది. మా నాయనకుంది గానీ గడప దాటలేదని చెప్పాను. చెబుతూ ఉండగానే నా వెనక అమ్మ దగ్గింది. రెండు రోజుల నుంచి గొంతు గరగరగా ఉందట, మాస్కు పెట్టుకునే పిల్లను ఎత్తుకుంటున్నానంది.

అమ్మకు ఎక్కడిది? ఆ గొట్టాల పక్కన కూర్చుని నేను చేసిన పని అదే, దోషిని వెతకడం. పక్కింటి అత్త కొంగు గుర్తొచ్చింది, ఆమెతో ఈ జన్మకు మాట్లాడకూడదనుకున్నాను. పాలు పోసేవాడేమో అనుకున్నాను. సాంబ్రాణేమో. కిటికీ తీసినందుకేమో, మూసినందుకేమో. చన్నీళ్ళు ముట్టిన నా చేతులేనేమో. ఫోన్లో మా ఆయన మీద కూడా అరిచాను, ఆయన కడపలో ఉన్నాడన్న సంగతి కూడా మరచిపోయి.

పిల్ల కోలుకుంది. పాలు తాగడం మొదలుపెట్టాక ఇంటికి పంపించారు. నాయనకు దగ్గు ఇంకా కొంచెం ఉంది. చీర ఒకటి సగంలో ఆగిపోయి ఉంటే, దాన్ని నేయడం ముగించి మగ్గం మీంచి కోయాలని అమ్మా ఆయనా మగ్గం దగ్గర కూర్చున్నారు. పిల్లను నిద్రపుచ్చి నేను గడప ఇవతల చతికిలబడ్డాను. ఏమీ తోచక వాళ్ళను చూస్తున్నాను.

నాడె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే చెక్క. దాని కడుపులో నూలు చుట్టిన కండె కూర్చుంటుంది. ఆ నూలు కొసను నాడె పక్కనున్న చిన్న కన్నులోంచి బయటికి లాగాలి. వేలు పట్టదు. అందుకని కన్నుకు పెదవులు ఆనించి ఊపిరి లోపలికి పీలుస్తారు, దారం నోట్లోకి వచ్చేస్తుంది. అమ్మ మాస్కు గడ్డం కిందికి లాగింది, కండె పెట్టింది, పీల్చింది, నాయనకు అందించింది. కాసేపటికి దారం తెగింది. నాయన మాస్కు దించాడు, పీల్చాడు, మళ్ళీ ముక్కు మీదికి లాక్కున్నాడు. కండె అయిపోతే అదే నాడెను అమ్మకు చాచాడు. అమ్మ మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. ఈ ఇంట్లోనే పుట్టి పెరిగాను. చిన్నప్పుడు నేనూ పీల్చాను, నూలుకు పెట్టిన ఆ గంజి రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదాన్ని కాబట్టే చూడలేకపోయాను. దగ్గున్న రోజుల్లోనూ ఇట్లాగే ఒకరి ఎంగిలి ఒకరు పీల్చుకున్నారా అని అరిచినంత పని చేశాను. వాళ్ళిద్దరూ నా వైపు అయోమయంగా చూశారు.

"నాడెకు ఎంగిలి యాడిదే?" అంది అమ్మ.

ఎంగిలి విషయంలో మా అమ్మతో ఎవరూ గెలవలేరు. మా ఇంట్లో గ్లాసుకు పెదవి తగలకూడదు, ఎత్తి పోసుకోవాలి. పొరపాటున తగిలితే చింతపండు పెట్టి తోమించేది. అలాంటి మనిషి నిజంగానే అర్థంకాక అడిగింది. దసరాకు పసుపు కుంకుమ పెట్టి మొక్కే వస్తువు నాడె. కడుపుకు కూడు పెట్టేది. దానికి ఎంగిలేమిటి? నాయన మాత్రం నాడెను చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అట్లయితే నా దగ్గే పోయుండాది మ్మా బిడ్డకు" అన్నాడు.

అలాగని ఎవరూ చెప్పలేరు. తర్వాత పిల్లను చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మను అడిగాను. కావచ్చు, కాకపోవచ్చు, ఇంటికి వచ్చినవాళ్ళలో ఎవరి నుంచైనా రావచ్చు అంది. ఆ మాటతో నా వెతుకులాట మళ్ళీ మొదటికొచ్చింది. కావచ్చు, కాకపోవచ్చు అని నాయనకు కూడా చెప్పాను. ఆయన తలూపాడు గానీ వినలేదు. సన్నటి తీగ కొస వంచి కొక్కెం చేసుకున్నాడు, దారాన్ని దాంతో లాగడం మొదలుపెట్టాడు. పని నెమ్మదించింది. అమ్మ గొణిగింది, ఆ కొక్కేనికే అలవాటు పడింది.

దగ్గు పూర్తిగా పోయింది. అయినా నాయన గడప దాటలేదు. రేపు చూద్దాంలే మ్మా అనేవాడు. మా ఆయన వచ్చి మమ్మల్ని కడపకు తీసుకుపోయే రోజు దగ్గరపడింది. ఇక నాకే విసుగొచ్చి, ఒక పొద్దున పిల్లను ఎత్తుకుని నేనే గడప దాటాను. ఆయన లేచి వాకిట్లోకి పోయి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని వచ్చాడు. మాస్కు పెట్టుకున్నాడు. మగ్గం పక్కన కూర్చుంటే పిల్లను ఒళ్ళో పెట్టాను.

ఆయన పిల్లను చూడలేదు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. కాసేపటికి గబగబా పిల్లను నా చేతుల్లో పెట్టి, వాకిలి దాకా పోయి, గుమ్మం పట్టుకుని ఆయాసంగా గాలి పీల్చుకున్నాడు. అప్పుడర్థమైంది. పిల్ల తన ఒళ్ళో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు.

వెనక్కి వచ్చి కూర్చుని చేతులు చాచాడు.

"ఇంగోసారి ఇయ్యి మ్మా."

నీకేమీ లేదు నాయనా, ఊపిరి తీసుకో అని చెప్పాలనిపించింది. ఏది తప్పో ఏది ఒప్పో నాకే తెలియదు, ఆయనకేం చెప్పను? పిల్లను మళ్ళీ ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన మొహం తిప్పుకోబోతూ, ఈసారి ఒక్క క్షణం ఆగి, దాన్ని చూశాడు.